వజ్రంలో అతివాహకత్వం

విద్యుద్బంధకాలకు ఉదాహరణలిమ్మని అడిగినప్పుడు గాజు, రబ్బరు, గంధకాలతో పాటు వజ్రాన్ని కూడా మనం వ్రాస్తూ వచ్చాము. ఆ సమాధానం తప్పు కాదు; కాని అది స్వచ్ఛమైన వజ్రానికే చెల్లుతుంది.

వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువు తన నాలుగు సంయోజక ఎలక్ట్రానులను నాలుగు పొరుగు పరమాణువులతో పంచుకొంటుంది. స్వేచ్ఛగా సంచరించే ఎలక్ట్రాను మిగలదు. బంధం నుండి ఒకదానిని విడిపించాలంటే సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, సిలికానుకు 1.1 చాలు. ఇప్పుడు ఒక కార్బన్ స్థానంలో బోరాన్‌ను నిలిపామనుకొందాం. దానికి ఉన్నవి మూడే ఎలక్ట్రానులు గనుక ఒక బంధంలో ఖాళీ ఏర్పడుతుంది. ప్రక్కనున్న ఎలక్ట్రాను ఆ ఖాళీలోకి వస్తే, ఖాళీ ప్రక్కకు జరుగుతుంది. తరగతిలో ముందు వరుసలో చోటు ఖాళీ కాగా ఒక్కొక్కరే ముందుకు జరిగితే ఆ ఖాళీ చివరి బల్లకు చేరినట్లన్నమాట. (చివరి బల్లను వదులుకొనే విద్యార్థులు అరుదన్నది వేరే సంగతి!)

కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికినదని చెప్పబడే హోప్ వజ్రానికి నీలిమ బోరాన్ వల్లనే కలిగింది. కాని అందులో పది లక్షల పరమాణువులకు బోరాన్ కొద్దిపాటిదే. వేయింటికి సుమారు రెండు చొప్పున చేరితే గాని వజ్రం లోహం వలె ప్రవర్తించదు.

రష్యాలోని ట్రోయిట్‌స్క్‌లో ఎకిమోవ్ బృందం ఈ హద్దును చాలా దూరం దాటింది. గ్రాఫైటు, బోరాన్ కార్బైడులను 80, 90 వేల వాతావరణాల పీడనంలో, 2,500 కెల్విన్లకు పైబడిన వేడిమిలో ఉంచి, నూటికి సుమారు మూడు పాళ్ళ బోరాన్ గల వజ్రాన్ని సృష్టించింది. దానిని చల్లబరచగా 4 కెల్విన్ల వద్ద నిరోధం తగ్గనారంభించి, 2.3 వద్ద పూర్తిగా మాయమైనది. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఆన్స్ పాదరసంలో చూచిన వింతయే, 2004లో వజ్రంలో!

ఇది వజ్రం మహిమయా, మిగిలిపోయిన బోరాన్ సమ్మేళనాలదా? ఈ సందేహం సహజమే. అదే సంవత్సరం జపాను పరిశోధకులు మీథేన్ వాయువును ఉపయోగించి, పలుచని పొరగా పెంచిన వజ్రంలోనూ అతివాహకత్వం కనిపించింది. అక్కడ బోరాన్ కార్బైడుతో పని లేదు. పైగా ఉష్ణోగ్రత 7 కెల్విన్లకు, తరువాత 11కు పెరిగింది.

1957 నాటి బార్డీన్, కూపర్, ష్రీఫర్ సిద్ధాంతం ప్రకారం స్ఫటిక కంపనాలు విద్యుద్వాహక కణాలను జతపరుస్తాయి. తేలికైన కార్బన్, బిగువైన బంధాలు గల వజ్రంలో ఈ కంపనాలు మిక్కిలి వేగవంతమైనవి. అందుకే శాస్త్రజ్ఞులు మరింత హెచ్చు ఉష్ణోగ్రతను ఆశించారు. ద్రవ నైట్రోజన్ చాలాలంటే 77 కెల్విన్లకు చేరాలి; బోరాన్ వజ్రానికి మాత్రం ఇప్పటికీ ద్రవ హీలియం నాటి చలియే కావలసి వస్తున్నది.