పచ్చ లైటు దేన్ని చూసి వెలుగుతోంది?

స్టాటిక్ విద్యుత్తు, ఎర్తింగ్, మానిటర్ల వైరింగ్ మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులు.

నంద్యాల నుంచి ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపు యజమాని: టేబుల్ మీద యాంటీ స్టాటిక్ మ్యాట్ వేసి, స్టాటిక్ మానిటర్ ఒకటి కొన్నాను. మ్యాట్ తీగ, చేతి బ్యాండ్ తీగ దానికి తగిలించి, ఎర్తు తీగను సాకెట్ ఎర్తులోకి ఇచ్చాను. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, ఐసీలు మాత్రం పోతూనే ఉన్నాయి. బ్యాండ్ తీగలో ఉన్న రెసిస్టర్ తీసేస్తే ఎర్తు గట్టిగా ఉంటుందని స్నేహితుడు అంటున్నాడు. తీసేయమంటారా?

వద్దండీ. ఆ రెసిస్టర్ ఉన్నది మీ ప్రాణం కోసం. దాని విలువ ఒక మెగా ఓమ్. పొరపాటున రెండో చెయ్యి 230 వోల్టుల ఫేజుకు తగిలినా ఒంట్లోంచి పోయే కరెంటు 0.23 మిల్లీ ఆంపియర్లు దాటదు, మీకు తెలియను కూడా తెలియదు. అది తీసేస్తే, కరెంటు పని చేస్తూ చేతిని నేరుగా ఎర్తుకు కట్టేసుకున్నట్టే. స్టాటిక్ దిగిపోవడానికి అది అడ్డమూ కాదు. మనిషి ఒంట్లో చేరే ఛార్జి బహు కొద్ది, మెగా ఓమ్ గుండా కూడా రెప్పపాటులో దిగిపోతుంది. అయితే రెసిస్టర్ ఉంది కదా అని ఛార్జర్ బోర్డు విప్పి, ప్లగ్గులో పెట్టి పని చేయకండి. అలాంటి పనికి ముందు బ్యాండ్ తీసేయాలి.

ఇక పచ్చ లైటు. మీ మ్యాట్ మూలల్లో ప్రెస్ బటన్లు చూడండి. ఒక మూల బటన్‌కు మానిటర్ తీగ, మరో మూల బటన్‌కు ఎర్తు తీగ ఉండాలి. అప్పుడే మానిటర్ పంపే కాస్తంత కరెంటు మ్యాట్ గుండా నడిచి ఎర్తు చేరుతుంది. రెండు తీగల్నీ ఒకే బటన్ మీద ఒకదానిపై ఒకటి నొక్కేస్తే కరెంటు తీగలోంచి తీగలోకే పోతుంది. మ్యాట్ పనికిరాకుండా పోయినా లైటు పచ్చగానే ఉంటుంది. షాపుల్లో నేను ఎక్కువగా చూసేది ఈ తప్పే.

రెండో అనుమానం సాకెట్ మీద. చాలా మానిటర్లు తమ ఎర్తు టెర్మినల్ దాకానే చూస్తాయి, అక్కడి నుంచి భూమి వరకు తీగ ఉందో లేదో వాటికి పట్టదు. పాత భవనాల్లో సాకెట్ పెద్ద పిన్నుకు వెనక తీగే ఉండదు. ఇంకా ఘోరం, కొందరు ఎలక్ట్రీషియన్లు న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. మెయిన్ వైపు న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే, వెలుగుతున్న లైటు గుండా ఫేజు వచ్చి ఆ ఎర్తు పిన్ను మీద కూర్చుంటుంది. సాకెట్ విప్పించి చూపించండి, ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు వెలిగించి చూసే పద్ధతి వద్దు. ఎర్తు సరిగా లేకపోతే ఆ కాసేపూ లైను మీదున్న పరికరాల ఇనప ఒళ్లన్నీ షాక్ కొడతాయి.

శ్రీసిటీ నుంచి ఒక ఆపరేటర్: ఏసీ హాల్లో నా బ్యాండ్ మానిటర్ మాటిమాటికీ కూస్తోంది. సూపర్‌వైజర్ నన్నే అంటున్నారు.

తప్పు మీది కాదమ్మా, పొడిబారిన చర్మానిది కావచ్చు. రెండు తీగల బ్యాండ్ అయితే లోపలి లోహం రెండు ముక్కలుగా ఉంటుంది, మానిటర్ ఆ రెంటి మధ్య మీ చర్మాన్ని కొలుస్తుంది. మొత్తం 35 మెగా ఓమ్‌లు దాటకూడదని ప్రమాణం. గాజుల మీదుగానో, స్లీవ్ మీదుగానో పెట్టుకోకండి. గాజులు పైకి జరిపి, బ్యాండ్ చర్మానికి ఆనేలా బిగించండి. స్టాటిక్ పనికని అమ్మే లోషన్ అడగండి, ఇంటి క్రీములు వద్దు.

కాటేదాన్ నుంచి పాలిథీన్ ఫిల్మ్ యూనిట్ మెకానిక్: ఫిల్మ్ మీద వోల్టేజీ చూపే సెన్సర్ ప్రోబ్‌ను రోలర్ ఎదురుగా బిగించాను. సున్నాకు దగ్గరగా చూపిస్తోంది. ఫిల్మ్ ముట్టుకుంటే మాత్రం చురుక్కుమంటోంది.

ప్రోబ్ బాగానే ఉంది, చోటే తప్పు. ఫిల్మ్ ఇనప రోలర్‌ను ఆనుకున్నంతసేపూ దాని ఛార్జి ప్రభావాన్ని రోలర్ మింగేస్తుంది. రెండు రోలర్ల మధ్య గాలిలో సాగే చోట, తయారీదారు చెప్పిన దూరంలోనే పెట్టండి. చాలా మీటర్లకు అది 25 మిల్లీమీటర్లు. దూరం మారితే అంకె అబద్ధమే. ప్రోబ్ ఒంటికి ఎర్తు తప్పనిసరి. కేబుల్ షీల్డును ఒక చివరే ఎర్తు చేయండి, డ్రైవు మోటారు కేబుళ్ల పక్కన నడపకండి. దగ్గర్లో స్టాటిక్ బార్ ఉంటే దాని సప్లయ్ ఆపాకే చెయ్యి పెట్టండి, అందులో వేల వోల్టులుంటాయి.

సంగారెడ్డి జిల్లా నుంచి సాల్వెంట్ డ్రమ్ములు నింపే ఉద్యోగి: తుప్పు పట్టిన డ్రమ్ములకు క్లాంపు పెడితే ఎర్ర లైటు పోదు, పంపు తిరగదు. మావాళ్లు క్లాంపును పక్క పైపుకు తగిలించి పని కానిస్తున్నారు. ప్రమాదమా?

ప్రమాదమే, అదీ ఈ రోజే ఆపాల్సినంత. లైటు పైపును చూసి వెలుగుతోంది, డ్రమ్ముకు ఎర్తు లేదు. టోలీన్ ఆవిరి అంటుకోవడానికి సుమారు 0.24 మిల్లీజౌళ్ల నిప్పురవ్వ చాలు, పది వేల వోల్టులకెక్కిన ఇనప డ్రమ్ములో అంతకు ఎన్నో రెట్ల శక్తి ఉంటుంది. క్లాంపు పళ్లు రంగునీ తుప్పునీ చీల్చుకుని ఉత్త లోహాన్ని పట్టాలి. రెసిస్టెన్స్ 10 ఓమ్‌ల లోపు రావాలి. డ్రమ్ము అంచు గీకాల్సి వస్తే ఖాళీగా, శుభ్రంగా ఉన్నప్పుడు, నింపే చోటికి దూరంగా గీకండి. మూత తీయకముందే క్లాంపు పెట్టాలి, మళ్లీ మూత బిగించాకే తీయాలి. ప్లాస్టిక్ డ్రమ్ముకైతే క్లాంపు ఎక్కడ పెట్టినా లాభం లేదు. టోలీన్ లాంటివి అందులో నింపమంటే ఒప్పుకోకండి.