వేలిముద్ర వేసే ముందు

నూజివీడు దగ్గర ఒక పల్లె. మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. సాయంత్రం ఆడవాళ్ళు చదువుల కేంద్రానికి వచ్చారు. ఒక తల్లి పక్కన ఆమె కూతురు కూర్చుంది. ఏడో తరగతి చదువుతోంది. జూన్‌లో హాస్టల్లో చేరుతుంది.

టీచరు అడిగింది.

"అక్కా, తోట గుత్తకిచ్చేటప్పుడు కాగితం చదివించుకోకుండా వేలిముద్ర వేస్తావా?"

"ఎట్లా వేస్తానమ్మా? ఎంతకి, ఎన్నాళ్ళకి అని తెలియొద్దూ?" అంది తల్లి.

"మరి పిల్లల ఒంటి సంగతో?"

అందరూ ఆలోచనలో పడ్డారు. టీచరు జరిగిన సంగతి చెప్పింది.

2009 జూలైలో ఖమ్మం జిల్లాలో ఒక వైద్య పరిశోధన మొదలయింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో జరిగింది. 10 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. అది గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సరును అడ్డుకునే టీకా. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఈ పని చేశాయి.

చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. అమ్మానాన్నలు ఊళ్ళో ఉన్నారు. కాగితాల మీద వార్డెన్లే సంతకాలు చేశారు! 2013లో పార్లమెంటు సంఘం ఈ సంగతి ఎత్తిచూపింది. 9,543 కాగితాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవే. 1,948 కాగితాల మీద వేలిముద్రలున్నాయి. 2010 ఏప్రిల్‌లోనే ప్రభుత్వం ఆ పరిశోధనను ఆపించింది.

"అయితే ఆ టీకా చెడ్డదా టీచర్?" అని అమ్మాయి అడిగింది.

"కాదమ్మా. కొందరు పిల్లలు చనిపోయిన మాట నిజం. అవి టీకా వల్ల జరిగినవి కావని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. తప్పు టీకాది కాదు, అడగకుండా వేయడానిది. మంచి మందయినా చెప్పి, అడిగి ఇవ్వాలి. తెలిసి ఒప్పుకోవడాన్నే సమ్మతి అంటారు."

"నాకు ఇష్టం లేకపోతే?"

"చెప్పొచ్చు. ఏడేళ్ళు దాటిన పిల్లల్నీ అడగాలని వైద్య పరిశోధన మండలి 2017 నియమాల్లో ఉంది."

తల్లి కూతురి వైపు తిరిగింది.

"హాస్టల్లో ఎవరైనా అట్లాంటి కాగితం తెస్తే నాకు కబురు పెట్టు. నేనొచ్చి చదివి, అప్పుడు సంతకం చేస్తా."

గుర్తుంచుకోండి

1. ఇది వైద్యమా, పరిశోధనా అని అడగండి.
2. లాభమేమిటి, ప్రమాదమేమిటి అని అడగండి.
3. చదవలేకపోతే చదివి చెప్పమనండి. పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి.
4. వద్దనవచ్చు. మధ్యలో మానేయవచ్చు. అందుకని మామూలు వైద్యం ఆపకూడదు.
5. కాగితం నకలు అడిగి తీసుకోండి.

చెప్పండి చూద్దాం

వార్డెను సంతకం తల్లిదండ్రుల సంతకం అవుతుందా? ఎందుకు కాదు?