బుడగకూ ఒక గొంతుంది!

విశాఖపట్నం విహారయాత్రలో కురుసుర జలాంతర్గామి చూశాం కదా. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. నీళ్లలో వెలుతురు ఎంతో దూరం పోదు, అందుకని అది శబ్దంతోనే వెతికేది. దాన్నే సోనార్ అంటారు. అప్పుడు నాకో సందేహం వచ్చింది: శబ్దంతో చిన్న గాలి బుడగ కూడా దొరుకుతుందా?

ఎందుకు అడిగానంటే, మా చిన్నాన్న హార్బర్లో డైవరు. ఒకసారి లోతు నుంచి గబగబా పైకొచ్చేశాడు. కీళ్లన్నీ ఒకటే నొప్పులు. "ఒంట్లో బుడగలు" అన్నారు డాక్టరుగారు. మా నాయనమ్మ నమ్మలేదు. నాకూ అర్థం కాలేదు. సైన్సు మాస్టారు చెప్పాక తెలిసింది.

బుడగలు ఎలా పుడతాయి?
10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. అప్పుడు పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో ఎక్కువగా కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో పోతుంది. తొందరపడితే గోలీసోడా మూత తీసినట్టే!

ఎలా కొలుస్తారు?
ఉయ్యాలను దాని ఊపుకి తగ్గట్టు తోస్తేనే బాగా ఊగుతుంది. బుడగా అంతే. తన సైజుకి తగిన శబ్దం తగిలితే గట్టిగా కంపిస్తుంది. ఈ లెక్క 1933లో మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. నీటి పైభాగాన సుమారుగా:

వ్యాసార్థం 1 మి.మీ. – సెకనుకి 3,260 కంపనాలు
0.1 మి.మీ. – 32,600
0.01 మి.మీ. – 3,26,000

మన చెవికి 20,000 దాటితే వినబడదు. కాబట్టి చిన్న బుడగలకు అతిధ్వనులు కావాలి. నీటిలో ఒకపక్క నుంచి రకరకాల కంపనాలు పంపి, రెండోపక్క వింటారు. ఏ కంపనం దగ్గర శబ్దం తగ్గిందో దాన్నిబట్టి బుడగ సైజు, ఎంత తగ్గిందో దాన్నిబట్టి ఎన్ని ఉన్నాయో లెక్కకడతారు.

డైవర్లకైతే ఛాతీ మీద డాప్లర్ యంత్రం పెడతారు. రక్తంతోపాటు కదిలే బుడగలకు తగిలి తిరిగొచ్చిన శబ్దం మారుతుంది. ఆ తేడాని స్పీకర్లో వింటారు. బుడగలు ఎక్కువో తక్కువో తెలుస్తుంది గానీ, సైజు కచ్చితంగా తెలియదు.

చిన్నాన్న ఇప్పుడు బాగున్నాడు. పైకొచ్చేటప్పుడు మధ్యమధ్యలో ఆగి వస్తున్నాడు. గెడ్డలో మునిగే మనకి ఈ జబ్బు రాదు, కంగారు పడొద్దు. మనం కాసేపు ఊపిరి బిగబట్టి మునుగుతాం, నీటి అడుగున గాలి పీల్చం.

ప్రశ్న: 2 మి.మీ. వ్యాసార్థం ఉన్న బుడగ కంపనాలెన్ని? మన చెవికి వినబడుతుందా? జవాబు రాసి ఆదివారంలోగా నాకివ్వండి.

– 9వ తరగతి విద్యార్థి