చెరువుల్లో చేపల వేటకు తరలించదగిన చిన్న పడవ ఎంపిక: ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నేపథ్యం

వాహనంపై తరలించదగిన చిన్న పడవల గురించి లభించే సమాచారంలో అధిక భాగం సముద్ర తీరాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందినదే. తీరంలో ఒడ్డున విరిగే అలలను దాటవలసి ఉన్నందున అక్కడి పడవకు ఎత్తయిన ముక్కు, కోసుగా దిగిన అడుగు అవసరం. తెలంగాణ చెరువుల పరిస్థితి వేరు. రంగారెడ్డి జిల్లాలో కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం కులీ (1550–1580) కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు వంటి వాన నీటి చెరువుల్లో నీటి అంచు ఏడాది పొడవునా ఒకే చోట నిలవదు. అలుగు పారిన సంవత్సరం కట్ట రాళ్ల దగ్గరే పడవ దింపవచ్చు. వేసవిలో అదే పడవను శిఖం భూమిలోని ఒండ్రు బురద మీదుగా చాలా దూరం మోయవలసి వస్తుంది.

ట్రైలరుపై పడవను కట్టేటప్పుడు మొత్తం బరువులో సుమారు పదో వంతు ముందున్న కొక్కెంపై పడేలా సర్దాలన్నది సాధారణ నియమం. కానీ ట్రైలరు నీటి వరకు దిగాలంటే గట్టి వాలు దారి కావాలి. బురదలో చక్రం దిగబడితే ఆ సౌకర్యం అక్కడితో ఆగిపోతుంది. ట్రాక్టరు ట్రాలీయో సరుకుల ఆటోనో గట్టు వరకే తెస్తుంది. చివరి దూరం మనుషుల భుజాలదే. కాబట్టి ఖాళీ పడవ బరువు నలుగురు మోయగల 90–100 కిలోలు దాటకుండా చూడటం మేలు. ధర, రంగు, ఇంజను గురించి అడిగే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగాలి.

అయితే బరువు తగ్గించాలన్న ఆత్రుతలో వెడల్పును కోయడం ప్రమాదకరం. పడవ పక్కకు ఒరగకుండా నిలిచే శక్తికి మూలమైన నీటితల కొలత వెడల్పు ఘనంతో మారుతుంది. 1.2 మీటర్ల వెడల్పును 1 మీటరుకు తగ్గిస్తే అది సుమారు 40 శాతం పడిపోతుంది. తగ్గింది కేవలం 20 సెంటీమీటర్లే అనుకోవడం పొరపాటు.

ఉదాహరణకు 3.5 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న చదునైన అడుగు గల పడవను తీసుకుందాం. రెండు కొసలు సన్నబడినందుకు పొడవు, వెడల్పుల లబ్ధంలో 70 శాతం లెక్కించినా నీటితల వైశాల్యం సుమారు 2.9 చదరపు మీటర్లు. అంటే దాదాపు ప్రతి 29 కిలోలకు పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. పడవ 90 కిలోలు, ఇద్దరు మనుషులు 130, తడి వలలు 30, చేపలు 100 కలిపితే 350 కిలోలు. మునక సుమారు 12 సెంటీమీటర్లు. పక్క గోడ ఎత్తు 45 సెంటీమీటర్లయితే నీటిపై 33 మిగులుతుంది, 35 అయితే 23 మాత్రమే. ఇద్దరూ నిలబడి ఉండగా ఒకరు అంచుకు చేరి వల లాగితే ఆ పక్క 15 నుంచి 20 సెంటీమీటర్లు దిగడం సాధ్యమే. ఆపైన ఒక్క అల చాలు.

ఈ లెక్క పుస్తకాలకే పరిమితం కాదు. నీరు తగ్గిన వేసవిలోనే చేపలు అధికంగా పట్టుబడతాయి, పడవలు నిండుగా తిరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట హఠాత్తుగా గాలివానలు వచ్చేదీ అప్పుడే. అడ్డులేని పెద్ద చెరువులో గాలి నడిచే దూరం పెరిగే కొద్దీ అలలు పెరుగుతాయి.

వెదురు అల్లికపై పూత వేసిన పుట్టి తేలిక, చవక. లోతు లేని నీటిలోనూ తేలుతుంది. గుండ్రని ఆకారం వల్ల తెడ్డు వేసిన ప్రతిసారీ తిరుగుతుంది, ఎదురుగాలిలో ముందుకు సాగదు. చిన్న కుంటలకు అది చాలు. థర్మోకోల్ తెప్ప విషయంలో రాజీ పడరాదు: అది అరిగి ముక్కలు నీటిలో కలుస్తాయి, పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. ఫైబర్ పడవ ఖరీదైనా, నల్లతుమ్మ మోడు తగిలి చిరిగిన చోటును పూర్తిగా ఆరబెట్టి ఫైబర్ మ్యాట్, రెసిన్‌తో స్థానికంగా అతకవచ్చు. పాలిథిన్ పడవ దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ రెసిన్ దానికి అంటదు, వేడితో అతకవలసిందే.

మత్స్య సహకార సంఘం పడవ కొనే ముందు విస్తరణ సిబ్బంది ఒడ్డు దగ్గర మొల లోతు నీటిలో పరీక్ష జరిపించవచ్చు. పూర్తి బరువుకు సమానంగా ఇసుక బస్తాలు వేసి, మిగిలిన అంచు ఎత్తును నాలుగు చోట్ల కొలవాలి. తర్వాత 50 కిలోల బస్తాలు రెండింటిని ఒకే పక్కకు జరిపి మళ్లీ కొలవాలి. చివరగా బస్తాలు తీసి పడవను నీటితో నింపాలి. ఇద్దరు పట్టుకొని వేలాడినా అది తేలుతూనే ఉండాలి. మునిగితే పీటల కింద గాలి చొరని ఫోము గదులు చాలలేదన్నమాట. ప్రతి 100 లీటర్ల ఫోము సుమారు 98 కిలోల తేలుడు ఇస్తుంది. అమ్మకందారు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే బయానా ఇవ్వకుండా ఆగడం మంచిది.