పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆస్టరేసిలో ముళ్ల మొక్కలు

కుటుంబం ఆస్టరేసి, కంపోజిటే అన్న పాత పేరూ చెల్లుతుంది. పుష్పవిన్యాసం శీర్షవత్, అండాశయం నిమ్నం, ఫలం సిప్సెలా. ఈ మూడూ కంఠస్థం కావాల్సిందే.

తిసిల్ అంటే ఒకే జాతి కాదు. ఆకుల అంచులకు, శీర్షం చుట్టూ ఉన్న పుచ్ఛాలకు ముళ్లుండే మొక్కల ఉమ్మడి పేరు. ఎక్కువ భాగం కార్డుయీ తెగవి. తెగను ప్రతిపాదించినది కాసిని, 1819.

సిర్సియం, కార్డుయస్ తేడా కేశగుచ్ఛంలో ఉంది: మొదటిదానిలో ఈకలాంటిది, రెండోదానిలో సాదా వెంట్రుకలు. జతపరచడానికి అనువైన అంశం.

బ్రహ్మదండి (ఎకైనాప్స్ ఎకినేటస్): గుండ్రటి బంతి ఒక్క శీర్షం కాదు, ఒక్కో పుష్పకమే ఉన్న శీర్షాలు ఎన్నో కలిసిన గుత్తి.

ఇక్కడ జాగ్రత్త! ఆర్జిమోన్ మెక్సికానానూ బ్రహ్మదండి అంటారు. ముళ్లున్నా అది పపావరేసి. తుంచితే పసుపు రంగు పాలు వస్తాయి. ఆవనూనెలో దీని గింజల నూనె కల్తీ అయితే ఎపిడెమిక్ డ్రాప్సీ. విషపదార్థం సాంగ్వినారిన్. ఢిల్లీలో వ్యాప్తి: 1998.

మరులమాతంగి (జాంథియం) ఆస్టరేసే, కానీ కార్డుయీ కాదు, హీలియాంథే తెగ. కొక్కేల ముళ్లు కాయ మీద ఉంటాయి.

కుసుమ (కార్థమస్ టింక్టోరియస్): రబీ నూనెగింజ, ఎర్ర రంగు కార్థమిన్. పరిశోధన: భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్, హైదరాబాద్. దేశంలోని ఏడు ప్రధాన వంటనూనె గింజల్లో పొద్దుతిరుగుడు, కుసుమ, వలిసెలు మూడూ ఈ కుటుంబానివే. ఇది తప్పక గుర్తుంచుకోండి.

సిలిబమ్ మేరియానం: సిలిమారిన్. ఆర్టిచోక్: తినేది మొగ్గ. స్కాట్లాండ్ జాతీయ చిహ్నం: తిసిల్.