దూరం, స్థానభ్రంశం: ఒక పరుగు, రెండు లెక్కలు

తెలుగు శాఖ గోడపత్రికలో భౌతికశాస్త్రం ఏమిటని అడగకండి. ఈ పాఠంలో సగం తగాదా మాటల దగ్గరే ఉంది. నేను ప్లస్ టూ దాకా తమిళ మీడియంలో సైన్సు చదివి, ఇక్కడ బి.ఏ. తెలుగులో చేరాను. తమిళంలో ఈ రెండింటినీ 'తొలైవు', 'ఇడప్పెయర్చి' అంటారు. పెయర్చి అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారడం. చెన్నైలో ఉండేవాళ్లకు గురుపెయర్చి, శనిపెయర్చి తెలియనివా! గ్రహం ఒక రాశి విడిచి ఇంకో రాశికి వెళ్లింది, అంతే.

తెలుగు పుస్తకంలో అదే 'స్థానభ్రంశం'. భ్రంశం అంటే జారిపోవడం, పడిపోవడం. అపభ్రంశం, మతిభ్రంశం అనే మాటల్లో ఉన్నదీ ఇదే. అందుకే పేరు వినగానే ఏదో చెడిపోయినట్టు, ఉన్న చోటు పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. మా వీధి పిల్లలకు ట్యూషన్ చెప్పేటప్పుడు నేను ముందు ఈ అనుమానమే తీస్తాను. ఇక్కడ పోయిందేమీ లేదు. బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటికి ఒక సూటి గీత గీసి, చివర బాణం గుర్తు పెట్టండి. అదే స్థానభ్రంశం. గీత పొడవెంత, బాణం ఎటు, రెండూ చెప్పాలి కాబట్టి అది సదిశ రాశి. నడిచిన దారి పొడవంతా కలిపితే దూరం. దానికి బాణం లేదు, అది అదిశ రాశి. సదిశ, అదిశ అనే జంటను ఎవరు కట్టారో గానీ చక్కగా కట్టారు, అర్థం మాటలోనే ఉంది.

మన క్లాసులో యానాం అమ్మాయిలున్నారు కాబట్టి వాళ్ల దారే చూద్దాం. యానాం నుంచి పుదుచ్చేరికి రోడ్డు మీద సుమారు 870 కిలోమీటర్లు. మ్యాపులో సూటిగా కొలిస్తే దాదాపు 590, దిశ దక్షిణం, కాస్త పడమరకు. ఆ గీత ఎక్కువ భాగం బంగాళాఖాతం మీదుగా పోతుంది. బస్సు మాత్రం తీరం వంపు వెంట పోవాల్సిందే. ఏ సర్టిఫికెట్ పని మీదో రాజధానికి వెళ్లే అమ్మాయికి టికెట్ 870కే కొడతారు, 590కి కాదు. పని చూసుకుని అదే దారిలో ఇంటికి వస్తే దూరం 1,740 కిలోమీటర్లు, స్థానభ్రంశం సున్నా. "అంటే అసలు వెళ్లనట్టేనా అక్కా?" అని పిల్లలు అడుగుతారు. కాదమ్మా. ఎంత తిరిగావు అనేది ఒక ప్రశ్న, మొదలుపెట్టిన చోటికి ఇప్పుడు ఎంత దూరంలో, ఎటు ఉన్నావు అనేది ఇంకో ప్రశ్న. సున్నా ఈ రెండోదానికి జవాబు.

నాకు బాగా నచ్చే ఉదాహరణ పరుగు పందెం. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక చుట్టు కొడితే స్థానభ్రంశం సున్నా అని పుస్తకాలన్నీ రాస్తాయి. కానీ పందెంలో అది మొదటి లేన్ అమ్మాయికి మాత్రమే నిజం! బయటి లేన్ వంపు పెద్దది. అందరినీ ఒకే గీత మీద నిలబెడితే బయటివాళ్లు ఎక్కువ పరిగెత్తాలి. అందుకని వాళ్లను మెట్లుమెట్లుగా ముందుకు జరిపి నిలబెడతారు. రెండో లేన్ 7.04 మీటర్లు ముందు, ఎనిమిదో లేన్ 53 మీటర్లు ముందు. ముగింపు గీత మాత్రం అందరికీ ఒక్కటే. అంటే దూరం అందరికీ సమానం చేయడానికి స్థానభ్రంశాన్ని ఎలా పోతే అలా పోనిచ్చారన్నమాట. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42 సెకన్లకు వచ్చి, సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. పరిగెత్తే దూరాల్లో ఒక్క మీటరు తేడా ఉన్నా ఆ నూరో వంతుకు అర్థమే ఉండేది కాదు.

ఇక ఎనిమిదో లేన్ అమ్మాయి సంగతి. ఆమె మొదలైన చోటు ముగింపు గీత కంటే ముందుంది. వంపు వెంట 53 మీటర్లు, సూటిగా కొలిస్తే దాదాపు 50. అంటే 400 మీటర్లూ ముందుకే పరిగెత్తినా, ఆమె స్థానభ్రంశం బాణం వెనక్కి చూపిస్తుంది! 80 సెకన్లలో వచ్చిందనుకోండి. సగటు వడి సెకనుకు 5 మీటర్లు. సగటు వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు, అదీ వెనక్కి. అదే 80 సెకన్లకు వచ్చిన మొదటి లేన్ అమ్మాయికి సగటు వడి అంతే, సగటు వేగం సున్నా.