పారామెడికల్ కోర్సులు: విశాఖ నుంచి చట్టం దాకా

విశాఖలో వైద్య విద్యకు 1923 కీలక సంవత్సరం. ఆంధ్రా మెడికల్ కాలేజీ ఆ ఏడాదే మొదలైంది. దాని బోధనాసుపత్రి కింగ్ జార్జ్ ఆసుపత్రి, అందరి నోటా కేజీహెచ్. ఉక్కు కర్మాగారానికీ, పోర్టుకూ సొంత ఆసుపత్రులున్నాయి. ల్యాబ్, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లు లేనిదే ఇవేవీ నడవవు. స్కానింగ్ యంత్రాలు బాగుచేసేవాళ్లూ కావాలి. వైద్య పరికరాల తయారీ కోసం 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్ ఉన్నదీ ఈ నగరంలోనే.

పరీక్షలో పారామెడికల్ కోర్సుల గురించి అడిగితే, అసలు తిరకాసు చట్టం దగ్గరే. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం 2021లో వచ్చింది. దీని ప్రకారం టెక్నీషియన్లవంటి అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణుల డిప్లొమా లేదా డిగ్రీకి కనీసం 2,000 గంటల శిక్షణ, 2 నుంచి 4 ఏళ్లలో. ఫిజియోథెరపిస్టులవంటి ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులకు డిగ్రీ తప్పనిసరి: కనీసం 3,600 గంటలు, 3 నుంచి 6 ఏళ్లలో. చాలామంది ఈ రెంటినీ తారుమారు చేస్తారు.

నర్సులు, ఫార్మసిస్టులు ఈ చట్టం కిందికి రారు. వారికి వేరే కౌన్సిళ్లున్నాయి. ఆప్షన్లలో ఆ పేర్లు కనిపిస్తే తొందరపడకండి.